టర్బో కారుకు ఏ టైరు, ఏ రిమ్? హైదరాబాద్ రోడ్ల లెక్క

టర్బో సెడాన్ ఇంటికి రాగానే చాలామంది చేతులు పెట్టేది చక్రాల మీదే. పదహారు అంగుళాల నుంచి ఏకంగా పద్దెనిమిదికి వెళ్ళిపోతారు. అది తొందరపాటు. పట్టు ఇచ్చేది రబ్బరు, రిమ్ కాదు. బడ్జెట్ పరిమితమైతే పాత సైజులోనే మేలురకం టైర్లు వేయించండి. రిమ్ మార్చి తీరాలంటే ఒక్క అంగుళం పెంచి ఆపండి.

ముందు సైజు లెక్క. ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్ జీటీకి కంపెనీ ఇచ్చేది 205/55 ఆర్16. వెడల్పు 205 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 55 శాతం, అంటే 112.75. దాన్ని రెండింతలు చేసి, రిమ్ సైజు 16 అంగుళాలను 25.4తో గుణించి మి.మీ.లోకి మార్చి కలిపితే టైరు మొత్తం ఎత్తు 631.9 మి.మీ. కొత్త సైజు దీనికి అటూ ఇటూ రెండు శాతం దాటకూడదు. 225/45 ఆర్17 ఎత్తు 634.3, నిక్షేపంగా వేసుకోవచ్చు. 215/50 ఆర్17 అయితే 646.8. దాంతో స్పీడోమీటర్ మునుపటికన్నా తక్కువ చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి లైనర్‌కు (చక్రం గూటి ప్లాస్టిక్ పొరకు) రాసుకోవచ్చు కూడా. సైజు పక్కనున్న 91వి లాంటి గుర్తునూ చూడండి: 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, వి అంటే 240 కి.మీ. వేగం వరకు తట్టుకుంటుంది. ఈ రెండింటిలో ఏదీ కంపెనీ టైరుకన్నా తగ్గకూడదు.

పద్దెనిమిది ఎందుకు వద్దంటున్నామంటే, 225/40 ఆర్18లో సైడ్‌వాల్ 90 మి.మీ. మాత్రమే. జులై వానకు రోడ్డు మీద నీళ్ళు నిలిచాక గుంత ఎక్కడుందో కనపడదు. చక్రం దభీమని పడ్డప్పుడు గుంత అంచుకూ రిమ్ అంచుకూ మధ్య సైడ్‌వాల్ నలిగి లోపలి దారాలు తెగుతాయి. గాలి పోదు కాబట్టి అప్పటికి ఏమీ తెలియదు. తర్వాత చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. దానికి ప్యాచ్ లేదు. దాంతో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి 120లో వెళ్ళడం ప్రాణాలతో చెలగాటం, టైరు మార్చాల్సిందే.

వెడల్పు మరీ పెంచినా ఇబ్బందే, నిలిచిన నీటి మీద వెడల్పు టైరు తొందరగా తేలిపోతుంది. ట్రెడ్ (టైరు గాడుల లోతు) 1.6 మి.మీ. వరకు చట్టం ఒప్పుకుంటుంది గానీ, 3కి వచ్చిందంటే వానాకాలం ముందే మార్చేయండి. ట్రెడ్‌వేర్ అంకె (పెద్దదైతే టైరు నెమ్మదిగా అరుగుతుంది) 200 ఉన్న మెత్తటి టైరు ట్రాక్ మీద బాగుంటుంది, రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు తొందరగా అరుగుతుంది. 300 పైన చూసుకోండి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. పాత స్టాకు అంటగడితే తీసుకోవద్దు.

ఇక రిమ్. బోల్టుల వరస 5×100 (ఐదు బోల్టులు, 100 మి.మీ. వలయం) ఉన్న కారుకు 5×112 రిమ్ ఎక్కదు. మధ్య రంధ్రం హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) కన్నా పెద్దదైతే సరైన కొలత రింగు వేయించాలి, లేదంటే వేగం పెరిగే కొద్దీ స్టీరింగ్ వణుకుతుంది. అందరూ వదిలేసేది బోల్టు తల. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కంపెనీ బోల్టుల అడుగు గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే రిమ్‌లలో ఎక్కువ భాగానికి శంకువు ఆకారం కావాలి. పాతవే బిగిస్తే అంచు మీదే ఆని, నడుస్తుండగా వదులవుతాయి.

ఆఫ్‌సెట్ లెక్కా చూడాలి. రిమ్ మధ్య గీతకూ, అది హబ్‌కు ఆనే తలానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్, దాన్నే ఈటీ అంటారు. ఈటీ మార్చకుండా రిమ్‌ను 6.5 నుంచి 7.5 అంగుళాలకు పెంచితే లోపలికి 12.7, బయటికి 12.7 మి.మీ. జరుగుతుంది. లోపల బ్రేక్ కాలిపర్‌కు (బ్రేక్ డిస్కును నొక్కి పట్టే భాగానికి) తగులుతుందేమో తెలియాలంటే చపాతీ పిండి ముద్ద కాలిపర్ మీద అంటించి, రిమ్ ఎక్కించి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. విప్పి చూస్తే ముద్ద కనీసం 3 మి.మీ. మందం మిగలాలి. తర్వాత నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక స్పీడ్ బ్రేకర్ దాటి చూడండి.

బిగించేటప్పుడు గాలి గన్నుతో బిగించి వదిలేయకుండా, మాన్యువల్‌లో చెప్పిన బలానికి టార్క్ రెంచ్‌తో బిగించమనండి. 100 కి.మీ. తిరిగాక మరోసారి చూపించి, అదే రోజు అలైన్‌మెంట్ కూడా చేయించండి. స్టెప్నీ ఇంకా పాత సైజే కాబట్టి దాని పాత బోల్టులను డిక్కీలోనే ఉంచండి.