కారే కిటికీ – మూడవ పాఠం: ఊడదీసి మళ్లీ బిగించడం

పోయిన పాఠంలో ట్రెయిలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కిటికీని నీళ్ల పైపుతో కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి తడుపుతూ, నీరు ఎక్కడ దూరుతోందో పట్టుకున్నాం. కిటికీ కింద గోడను వేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే లోపల చెక్క కుళ్లినట్టే, ముందు దాని సంగతి చూడాలి. గట్టిగా ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

మా ట్రెయిలర్‌ను అమెరికాలో పాతదిగానే కొన్నాం. ముందు యజమాని ప్రతి కిటికీ చుట్టూ సందులు మూసే సిలికాన్ జిగురు దట్టంగా పూశాడు. పైన పటారం, లోన లొటారం! నీరు మరో సందు వెతుక్కుని గోడలోకే దిగింది. పైగా సిలికాన్ మరక మిగిలిన చోట ఏదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. దాన్ని గీకడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది. అందుకే పై పూతను నేను మరమ్మతుగా లెక్కించను.

ఈ కిటికీల అమరిక తేలికే. బయటి చట్రం అంచు గోడ రేకుమీద కూర్చుంటుంది, లోపల ఒక రింగు ఉంటుంది. స్క్రూలు ఆ రెంటినీ దగ్గరకు లాగి గోడను మధ్యలో బిగిస్తాయి. అంచుకూ రేకుకూ మధ్య ఉండే మెత్తని బ్యూటైల్ టేపే (జిగట రబ్బరు పట్టీ) నీటిని ఆపేది. అది ఏళ్లు గడిచి ఎండినా, దారి కుదుపులకు అంచు వదులైనా కారడం మొదలవుతుంది.

ఇద్దరు కావాలి. లోపల ఒకరు స్క్రూలు తీస్తుంటే, బయట ఒకరు కిటికీని రెండు చేతులా పట్టుకోవాలి. ఒంటరిగా ప్రయత్నించకండి, అద్దం బరువు అనుకున్నదానికంటే ఎక్కువ. తీసిన స్క్రూలు ఒక గిన్నెలో వేయండి, మళ్లీ అవే వాడాలి. పాత జిగురును ప్లాస్టిక్ బ్లేడుతో గీకి, మిగిలినదాన్ని రంగును పలచన చేసే మినరల్ స్పిరిట్స్‌తో, చివరగా ఆల్కహాల్‌తో తుడవండి. రంగు, స్టిక్కర్లు పాడవుతాయేమో ముందు మూలన ఒక చుక్కతో చూసుకోండి.

కొత్త టేపు అంగుళంలో ఎనిమిదో వంతు మందం, ముప్పావు అంగుళం వెడల్పు ఉంటే చాలు. కింది అంచు మధ్యలో మొదలుపెట్టి చుట్టూ తిప్పి అక్కడికే రండి, అతుకు కిందే ఉండాలి. మూలల దగ్గర సాగదీయకండి. రెండు కొసలనూ వేళ్లతో పిసికి ఒకటి చేయండి. కజ్జికాయ అంచు ఒక్కచోట సరిగా నొక్కకపోయినా నూనెలో విచ్చుకుంటుంది కదా, ఇదీ అంతే.

స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. టేపు చుట్టూ సమానంగా బయటికి ఉబికితే సరే. మర్నాడు ఎండ తగిలాక ఇంకొక చుట్టు బిగించి, ఉబికినదాన్ని ప్లాస్టిక్ బ్లేడుతో కోసేయండి.

చట్రం అడుగున చిన్న రంధ్రాలు కనిపిస్తే మూయకండి. జరిపే కిటికీ గాడిలో చేరిన వాన నీరు పోయేది వాటి గుండానే. గాడిలో కాస్త నీరు చూసి కంగారుపడేవారు ఎందరో! పుల్లతో వాటిలో దుమ్ము తీస్తే చాలు.

రెండు రోజులాగి లోపలి అంచు కింద పొడి టిష్యూ కాగితం అతికించి, బయట పది నిమిషాలు నీళ్లు పోయండి. కాగితం తడిస్తే అద్దం చుట్టూ ఉన్న రబ్బరును అనుమానించాలి. అది నాలుగో పాఠం.