చెరువు గట్టు మీద ఇంటర్న్‌షిప్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు వైపు రొయ్యల చెరువులకీ, ప్రాసెసింగ్ ప్లాంట్లకీ ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్న ఆక్వాకల్చర్, ఫిషరీస్ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. 2020లో మన డిగ్రీల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, గట్ల మీద కాలేజీ బ్యాగులు మామూలైపోయాయి. ఇబ్బంది ఎక్కడంటే, కూలీకి జాగ్రత్తలు మేస్త్రి చెబుతాడు, టెక్నీషియన్‌కి కంపెనీ చెబుతుంది, మీకు మాత్రం ఎవరూ చెప్పరు. కాలేజీలో చెప్పే ఉంటారని రైతు, రైతు చూసుకుంటాడులే అని కాలేజీ. మధ్యలో మీరు మొహమాటపడి ఊరుకుంటారు. నేనూ అలాగే ఊరుకున్నాను.

ముందు కాగితాలు. ఎక్కడ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకి ఎన్ని గంటలు, నైట్ డ్యూటీ ఉందా, స్టైపెండ్ ఇస్తారా, మీ బాధ్యత ఎవరిది అన్నవి లెటర్‌లో ఉండాలి. 'వచ్చెయ్ బాబూ, చూద్దాం' అంటే అది లెటర్ కాదు. సీటు ఇప్పిస్తామని డబ్బులు అడిగితే అటు వెళ్లనే వద్దు. ఇంకో మాట. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిస్‌కి పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని ఇవ్వాలి. మామూలు కాలేజీ ఇంటర్న్‌కి ఆ ధీమా లేదు. అందుకని బ్యాంకుకి వెళ్లి ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టేయండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు. టీ, సమోసా ఖర్చు.

ఇక అసలు భయం కరెంటు.

రాత్రిపూట చెరువులోని నాచుకి ఎండ ఉండదు కాబట్టి ఆక్సిజన్ వదలదు. రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ, రెక్కలు తిప్పి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే అందరికీ టెన్షన్, అందరూ పరుగులు. తప్పులు జరిగేది అప్పుడే.

నా మొదటి వారంలో ఒకరోజు నాలుగింటికి కరెంటు పోయింది. ఒక ఏరేటర్ రెక్కలకి ఖాళీ మేత సంచి చుట్టుకుని ఉంది. కరెంటు లేదు కదా, ఈలోపు తీసేద్దామని ప్యాంటు మడిచి గట్టు దిగబోయాను. కాపలా పెద్దాయన వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాడు. 'ఆగండి బాబూ' అని, షెడ్డు దగ్గరికి వెళ్లి మూడు ఫీజులూ పీకి, పంచె మడతలో దోపుకుని వచ్చాడు. 'ఆయ్, ఇప్పుడు దిగండి' అన్నాడు. కరెంటు వచ్చినా, జనరేటర్ వేసినా ఆటో స్టార్టర్ మోటారుని దానంతట అదే తిప్పేస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

కాబట్టి మొదటి రోజే మెయిన్ ఎక్కడుందో, ఏ ఫీజు ఏ చెరువుదో అడిగి తెలుసుకోండి. నీళ్లలో దిగేటప్పుడు ఫీజులు మీ జేబులో ఉండాలి, మోటారు ఆగితే చాలదు. గట్టు మీద టేపు చుట్టిన కరెంటు వైర్ల జాయింట్ల మీంచి తడి కాళ్లతో నడవకండి. రబ్బరు బూట్లు వేసుకున్నామన్న ధైర్యం వద్దు, లోపల నీళ్లు పోయాక అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో ముట్టుకోకండి, ముందు మెయిన్ దించండి.

సంపులోకో, మూత ఉన్న ట్యాంకులోకో దిగి కడగమంటే ఆలోచించండి. కుళ్లిన బురద నుంచి కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చే గ్యాస్ వస్తుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. లోపల ఒకరు పడిపోతే వెంటనే దూకిన రెండోవాడూ పడిపోతాడు. దూకకుండా బయటినుంచే కేకలేయండి, 112కి ఫోన్ చేయండి. బ్లీచింగ్ పౌడర్‌ని ఏ యాసిడ్‌తోనూ కలపొద్దు.

ప్రాసెసింగ్ ప్లాంట్‌లో అయితే చలి యంత్రాల్లో తిరిగే అమ్మోనియా సంగతి చూసుకోవాలి. అత్యవసర తలుపు ఎటుందో ముందే నడిచి చూడండి. ఘాటు వాసన రాగానే తడి గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా బయటపడండి. ఫ్రీజర్ గదిలోకి ఒంటరిగా వెళ్లకండి, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో వెళ్లే ముందే చూసుకోండి.

ఆడపిల్లలు నైట్ షిఫ్ట్ తర్వాత గదికి ఎలా చేరతారో ముందే తేల్చుకోవాలి. 2013 లైంగిక వేధింపుల చట్టం ట్రైనీలకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. 'మన వాళ్లేగా' అనే మాటకి లొంగకండి.

గది గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామంలో తీసుకుంటే అద్దె తక్కువే. కానీ జులై, ఆగస్టుల్లో వరద వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చాకలిపాలెం దగ్గర కనకాయలంకకి వెళ్లే కాజ్‌వే, అంటే ఎత్తు తక్కువ దారి, వరదకి మునుగుతుంది. నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయని బండి దించకండి. అవతల నరసాపురం, సఖినేటిపల్లి మధ్య నది దాటించే పంటు కూడా ఆగిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు వస్తాయి. 1996 నవంబరులో కోనసీమ ఏమైందో మీ ఇంట్లో పెద్దవాళ్లనే అడగండి. ఆ వారాల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు గదిలో ఉంచుకోకండి.

రాత్రి చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూడ్డానికి టార్చి లేకుండా వెళ్లొద్దు. నేల మీద పడుకోవాల్సి వస్తే దోమతెర కట్టుకోండి, కట్లపాము ఎక్కువగా నిద్రపోతున్నవాళ్లనే కరుస్తుంది. కరిస్తే మంత్రాలవాళ్ల దగ్గరికి కాదు, నేరుగా ప్రభుత్వాసుపత్రికే.

చివరిగా, చెరువు టెస్టుల అంకెలు, వాడిన మందులు రాసే లాగ్‌బుక్. నిద్ర ముంచుకొచ్చి టెస్ట్ చేయకుండా పైన ఉన్న అంకెనే కిందా రాసేయాలనిపిస్తుంది. నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల ఊసు ఎత్తకుండా సంతకం పెట్టమని కూడా అడగొచ్చు. ఎగుమతి సరుకులో అవి తేలితే కంటైనర్ తిరిగొస్తుంది, పుస్తకంలో ఉన్నది మీ సంతకం. చేయని టెస్ట్ గడి ఖాళీగా వదిలేయండి. సూపర్‌వైజర్ తిడితే తిట్టనివ్వండి.