ఆఫీసు ఫైళ్లను క్లౌడ్‌కు ఎక్కించే ముందు

మూలన ఉన్న పాత సర్వర్‌ను తీసేసి, అందరూ వాడే ఫైళ్లను క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టేద్దామని ఏ ఆఫీసులోనైనా ఒక రోజు నిర్ణయం జరుగుతుంది. ఆ పని కంప్యూటర్ల గురించి కాస్త తెలిసిన ఒకరి నెత్తిన పడుతుంది. ఆ ఒకరు మీరే అయితే ముందుగా ఒక మాట: ఈ సేవలు చేసేది సింక్, సింక్ అంటే బ్యాకప్ (విడిగా దాచిన నకలు) కాదు. ఒక చోట జరిగినదాన్ని మిగతా అన్ని చోట్లా జరిపించడమే సింక్ పని. అది మంచి మార్పా, పొరపాటా అన్నది దానికి పట్టదు. ఒకరు ఫోల్డర్‌ను తుడిచేస్తే పది మంది కంప్యూటర్లలోనూ పోతుంది. ఒక కంప్యూటర్‌లో రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజడానికి ఫైళ్లను తెరవనివ్వకుండా చేసే దొంగ ప్రోగ్రామ్) దూరి ఫైళ్లకు తాళం వేస్తే, తాళం పడిన ఫైళ్లే అందరికీ చేరతాయి.

అందుకే మొదట ఉన్నదంతా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూశాక, డిస్కు కేబుల్ తీసేసి బీరువాలో పెట్టండి. కేబుల్ తీయడం మర్చిపోవద్దు, తగిలించి ఉన్న డిస్కును రాన్సమ్‌వేర్ వదలదు. రీసైకిల్ బిన్ ఉంది కదా అనుకుంటే దానికీ గడువుంది. గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు, ఆఫీసు ఖాతాల వన్‌డ్రైవ్‌లో మామూలుగా 93 రోజులు. ఏడాదికోసారి మాత్రమే తెరిచే ఫైలు పోయిన సంగతి ఈ గడువులో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా నాకు భయం ఎక్సెల్ ఫైళ్లతోనే. పాత సర్వర్‌లో ఒకరు ఎక్సెల్ ఫైలు తెరవగానే అదే ఫోల్డర్‌లో ~$ గుర్తుతో మొదలయ్యే చిన్న దాపరికపు ఫైలు పుట్టేది. రెండో వ్యక్తి తెరవబోతే ఎక్సెల్ దాన్ని చూసి, ఇది ఫలానావారి చేతిలో ఉంది, మీరు చదవడం వరకే అని ఆపేది. సింక్‌లో ఎవరి కాపీ వారి కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఆ చిన్న ఫైలును సింక్ అవతలికి పంపదు కాబట్టి ఆ కాపలా ఉండదు. జీతాల పట్టికనే తీసుకోండి. ఉదయం అకౌంటెంట్ 14వ వరుస దిద్దారు. ప్రయాణంలో ఉన్న మేనేజర్ ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్‌లో 20వ వరుస దిద్దారు. సాయంత్రం ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ అందగానే ఫోల్డర్‌లో రెండు పట్టికలు తేలాయి. రెండో దాని పేరులో డ్రాప్‌బాక్స్ అయితే ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని చేరుస్తుంది, వన్‌డ్రైవ్ అయితే ఆ కంప్యూటర్ పేరు తగిలిస్తుంది. రెండూ సగం సగమే సరైనవి. వారం తర్వాత ఎవరో శుభ్రం చేద్దామని, అనవసరపు నకలు అనుకుని రెండోదాన్ని తుడిచేస్తారు. మేనేజర్ దిద్దుబాటు దానితోపాటే పోతుంది.

అందుకని ఎక్కువమంది చెయ్యి పడే పట్టికలను బ్రౌజర్‌లోనే తెరవమనండి, లేదా ఆటోసేవ్ (మార్పులు వాటంతటవే సేవ్ అయ్యే ఏర్పాటు) వేసి ఒకేసారి పదిమంది పనిచేసుకునే పద్ధతి అలవాటు చేయండి. వారానికోసారి అలాంటి జంట ఫైళ్ల కోసం వెతకడం ఒకరి బాధ్యతగా పెట్టండి.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్, అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైళ్లను మాత్రం సింక్ ఫోల్డర్‌లో అసలు పెట్టకండి. ప్రోగ్రామ్ రాస్తూ ఉండగానే సింక్ దాన్ని సగంలో పట్టుకుంటే ఫైలు చెడిపోవచ్చు.

ఫైళ్ల పేర్లు కూడా ఒకసారి చూసుకోవాలి. ప్రశ్న గుర్తు, కోలన్, నక్షత్రం గుర్తు ఉన్న పేర్లను వన్‌డ్రైవ్ ఒప్పుకోదు. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ అంటూ దారి మొత్తం 400 అక్షరాలు దాటినా అంతే. ‘చివరిది’, ‘నిజంగా చివరిది’, ‘ఇదే చివరిది’ అన్న ఫైళ్లలో ఏది ఉంచాలో తేల్చడానికి కూడా ఇదే మంచి సమయం.

ఇక సిబ్బందికి తప్పనిసరిగా చెప్పాల్సింది ఒకటుంది. తమ ల్యాప్‌టాప్ నిండిపోయిందని ఎవరో ఒకరు షేర్ చేసిన ఫోల్డర్‌ను తుడిచేస్తారు. ‘నా కంప్యూటర్‌లోదే కదా’ అన్నది వారి లెక్క. కానీ పోయేది అందరిదీ. ఖాళీ కావాలంటే ఫైలును తుడవకుండా, క్లౌడ్‌లో మాత్రమే ఉంచే ఆప్షన్ వాడాలని ముందే చూపించండి. అప్పుడు ఫైలు పక్కన మబ్బు గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఉందంటే కంప్యూటర్‌లో పేరు మాత్రమే ఉన్నట్టు, ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు.

ఫైళ్లు ఎవరి ఖాతాలో ఉన్నాయన్నదీ ముఖ్యమే. గూగుల్‌లో ఒకరి ‘మై డ్రైవ్’లో పెట్టినవి ఆ వ్యక్తివి. వారు ఉద్యోగం మానేసి ఖాతా తీసేస్తే ఫైళ్లకూ ముప్పే. ‘షేర్డ్ డ్రైవ్’లో పెట్టినవైతే సంస్థవి. లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చనే అనుమతిని మూసేయండి, అందరి ఖాతాలకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లో కోడ్ లాంటి రెండో రుజువు అడగడం) పెట్టించండి.

100 గిగాబైట్ల ఫైళ్లు సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఎక్కడానికి ఎంతలేదన్నా 22 గంటలు పడుతుంది. సెలవు రోజుకు ముందు సాయంత్రం మొదలుపెట్టండి, అదీ ఒకే కంప్యూటర్ నుంచి. పది కంప్యూటర్లలో పాత కాపీలు ఉండగా అన్నిటినీ ఒకేసారి కలిపితే నకళ్ల గుట్టే మిగులుతుంది.

అంతా ఎక్కాక పాత సర్వర్‌ను వెంటనే వదిలించుకోకండి. అందులో కొత్తగా ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే తెరిచి, కనీసం రెండు నెలాఖరు లెక్కలు పూర్తయ్యేదాకా ఉంచండి.