క్లాస్ తప్పుగా ఎంచుకున్నానా? ఆర్‌పీజీల్లో వచ్చే తలనొప్పులు, వాటి మందు

ఫ్యాంటసీ ఆర్‌పీజీ (ఒక పాత్రను పెంచుకుంటూ ఆడే వీడియోగేమ్) ఆడేవాళ్లలో చాలామందికి పది పన్నెండు గంటల దగ్గర ఒక అనుమానం పట్టుకుంటుంది: 'నేను తప్పు క్లాస్ తీసుకున్నానేమో'. క్లాస్ అంటే మన క్యారెక్టర్ యోధుడా, మంత్రగాడా, దొంగా అని మొదట ఎంచుకునే రకం. వెంటనే క్యారెక్టర్‌ని పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. నేను అలా ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్కే లేదు. పోను పోను అర్థమైందేమిటంటే, ఎక్కువసార్లు తప్పు క్లాస్‌ది కాదు. పాయింట్లు వేసిన తీరుదో, తొడుక్కున్న కవచానిదో, తొందరపాటుదో అయి ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నింద మాత్రం క్లాస్ మీద వేస్తాం. కాబట్టి డిలీట్ నొక్కే ముందు మీ బాధ కింద చెప్పినవాటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి.

సమస్య: క్యారెక్టర్ తయారుచేసే స్క్రీన్ దగ్గరే గంట గడిచిపోతోంది

కారణం రెండు భయాలు. పేర్లు చూసి ఒకటి, 'ఇప్పుడు ఎంచుకున్నది ఇక మారదు' అని ఇంకొకటి.

పేర్ల సంగతి ముందు. ఆర్‌పీజీలకు మూలమైన, 1974లో వచ్చిన టేబుల్ ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి పేరు మీద వైద్యమూ యుద్ధమూ చేసేవాడు. మరుసటి ఏడాది థీఫ్ వచ్చి చేరాడు. ఈ రోజు మీకు కనిపించే పాలడిన్ (పవిత్ర యోధుడు), రేంజర్ (అడవి విలుకాడు), బార్డ్ (పాటగాడు) లాంటివి చాలావరకు ఈ నలుగురిని రకరకాల పాళ్లలో కలిపినవే. అలా చూస్తే పన్నెండు బొమ్మల వరస అంత భయపెట్టదు.

మారదేమో అన్న భయం ఆటను బట్టి ఉంటుంది. ఎల్డెన్ రింగ్‌లో పది క్లాసులున్నా అవి మొదట చేతికిచ్చే సామాను, మొదటి స్టాట్స్ (బలం, బుద్ధి లాంటివాటి అంకెలు) మాత్రమే. సమురాయ్‌గా మొదలుపెట్టి మంత్రాలు నేర్చుకుంటానంటే ఎవరూ అడ్డుచెప్పరు. స్కైరిమ్‌లో అసలు క్లాసే లేదు. ఏది వాడితే అది పెరుగుతుంది. బాల్డర్స్ గేట్ 3లో పన్నెండు క్లాసులున్నాయి కానీ విదర్స్ అనే అస్థిపంజరం మనిషికి 100 గోల్డ్ ఇస్తే ఎన్నిసార్లయినా మార్చిపెడతాడు. డయాబ్లో 2లో మాత్రం సార్సరెస్ (మంత్రగత్తె) చివరిదాకా సార్సరెసే. నిజంగా ఆలోచించి తీసుకోవాల్సింది ఇలాంటి ఆటల్లోనే.

ఎంచుకునేటప్పుడు 'ఏది పవర్‌ఫుల్' అని వెతకడం కంటే 'ఫైట్‌లో నా చేతికి ఏం పని ఉంటుంది' అని అడగడం మేలు. బాల్డర్స్ గేట్ 3లో విజార్డ్, సార్సరర్ ఇద్దరూ మంత్రగాళ్లే. విజార్డ్ దొరికిన స్క్రోల్స్ నుంచి కొత్త మంత్రాలు రాసుకుంటాడు, ముందున్న ఫైట్‌ను బట్టి ఏవి సిద్ధం చేసుకోవాలో ఎంచుకుంటాడు. సార్సరర్‌కి తెలిసిన మంత్రాలు తక్కువ, కానీ ఒకే మంత్రాన్ని ఇద్దరి మీద వేయడం, ఎక్కువ దూరం విసరడం లాంటి మెలికలు తిప్పగలడు. మంత్రాల జాబితా తెరిచి కూర్చోవడం మీకు ఇష్టమా, చిరాకా? చిరాకైతే విజార్డ్ ఎంత గొప్పవాడైనా మీ మనిషి కాదు.

సమస్య: మంత్రాలన్నీ బూడిదరంగులోకి పోయాయి, నొక్కినా పనిచేయడం లేదు

ఇది నా సొంత కథ. విజార్డ్‌తో ఆడుతున్నాను. ఒక పెట్టెలో మెరిసిపోయే ఇనుప గొలుసుల కవచం దొరికింది. ఆర్మర్ అంకె చూసి కళ్లు చెదిరి వెంటనే తొడిగేశాను. తర్వాతి ఫైట్‌లో నా వంతు వచ్చేసరికి కింద మంత్రాల వరసంతా చచ్చిపోయి ఉంది. ఏ బటన్ నొక్కినా కదలిక లేదు. బగ్ అనుకున్నాను. ఆట మూసి తెరిచాను, సేవ్ మార్చి చూశాను, చివరికి ఫైళ్లన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెక్ చేయిస్తూ అరగంట కూర్చున్నాను. ఫైళ్లు నిక్షేపంలా ఉన్నాయి. మౌస్ ఆ కవచం మీద పెడితే అందులోనే రాసి ఉంది: ఈ రకం కవచంలో నీకు ప్రొఫిషియెన్సీ లేదు.

కారణం అదే. బాల్డర్స్ గేట్ 3లో శిక్షణ లేని కవచం వేసుకుంటే మంత్రాలు వేయలేరు, పైగా దాడులు కూడా గురి తప్పుతుంటాయి. పరిష్కారం: విప్పేసి మామూలు రోబ్ వేసుకోండి. కవచం కావాల్సిందే అంటే క్లెరిక్ లాంటి, కవచంతో పాటు మంత్రాలూ తెలిసిన క్లాస్ చూసుకోండి.

సమస్య: మొదటి గంటల్లోనే పదే పదే చచ్చిపోతున్నాను, దెబ్బలు తగలడం లేదు

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి.

ఒకటి, పాయింట్లు తప్పు చోట పడటం. బాల్డర్స్ గేట్ 3లో స్టాట్ నుంచి 10 తీసేసి సగం చేస్తే వచ్చేదే మీ బోనస్, మిగిలిన అర లెక్కలోకి రాదు. 14కి +2, 15కీ +2, 16కి +3. అంటే 15 దగ్గర ఆగితే ఆ చివరి పాయింట్ వల్ల అప్పటికి లాభం లేనట్టే. మంత్రగాడికి 'ఎందుకైనా మంచిది' అని బలంలో నాలుగు, బుద్ధిలో నాలుగు పంచిపెట్టేవాళ్లు ఎక్కువ. దానాలు ఇక్కడ పనికిరావు. మీ క్లాస్ దేనితో కొడుతుందో ఆ స్టాట్‌ని 16 కంటే తక్కువ చేయకండి, తర్వాత ప్రాణం నిలిపే కాన్‌స్టిట్యూషన్ చూడండి, మిగతావి ఎలా పోయినా పరవాలేదు.

రెండోది, డ్యామేజ్ మీద మోజుతో ప్రాణం సంగతి మరిచిపోవడం. ఎల్డెన్ రింగ్‌లో వాగబాండ్ అనే యోధుడు విగర్ (ప్రాణం అంకె) 15తో మొదలవుతాడు, ఆస్ట్రాలజర్ అనే మంత్రగాడు 9తో. ఆస్ట్రాలజర్ తీసుకుని వచ్చిన ప్రతి లెవెల్‌నీ మంత్రాల బలం పెంచే ఇంటెలిజెన్స్‌లో పోసి, మార్గిట్ అనే బాస్ (పెద్ద శత్రువు) రెండు దెబ్బలకే చంపేస్తున్నాడని ఏడిస్తే అది మంత్రగాడి తప్పు ఎలా అవుతుంది? మొదట విగర్‌ని 20 దాకా తీసుకెళ్లండి. ఆ తర్వాత కూడా అదే బాస్ దగ్గర ఆగిపోతే, మ్యాప్‌లో వేరే వైపు తిరిగి రండి.

సమస్య: దొర్లితే రాయిలా పడుతున్నాడు

ఎల్డెన్ రింగ్‌లో మోసే బరువు పరిమితిలో 70 శాతం దాటితే దొర్లడం నెమ్మదైపోతుంది. కవచంలో ఒక్క భాగం తీసేయండి, లేదా వాడని రెండో ఆయుధాన్ని దించండి. క్లాస్‌తో సంబంధం లేదు.

సమస్య: మొదట బాగానే ఉన్నాడు, మధ్యలో డీలా పడిపోయాడు

అన్ని క్లాసులూ ఒకే వేగంతో పెరగవు. బాల్డర్స్ గేట్ 3లో మొదటి లెవెల్ విజార్డ్‌కి గట్టి మంత్రం వేసే అవకాశం రెండుసార్లే. పక్కన ఫైటర్ మాత్రం అలుపు లేకుండా కొడుతూనే ఉంటాడు. ఐదో లెవెల్ వచ్చేసరికి ఫైటర్‌కి ఒక వంతులో రెండు దెబ్బలు, విజార్డ్‌కి గుంపు మొత్తాన్ని తగలబెట్టే ఫైర్‌బాల్. అక్కడ ఇద్దరూ ఒక్కసారిగా వేరే మనుషులైపోతారు. మూడో లెవెల్ దగ్గరే విసిగి క్లాస్ మార్చేసినవాళ్లు సినిమా ఇంటర్వెల్ ముందు లేచి వెళ్లిపోయినవాళ్లే. రోగ్‌కి (దొంగ క్లాస్) ఆ రెండో దెబ్బ రాదు, అది లోపం కాదు. అతని చాటుదెబ్బే రెండు లెవెల్స్‌కి ఒక పాచిక చొప్పున పెరుగుతూ పోతుంది. కాబట్టి రోగ్‌తో ఆడుతూ చాటుదెబ్బ పడే వీలు చూసుకోకపోతే పూర్తి జీతమిచ్చి సగం పనే చేయించుకుంటున్నట్టే.

డీలా పడటానికి ఇంకో పెద్ద కారణం తొందరపడి మల్టీక్లాస్ చేయడం. రెండు లెవెల్స్ ఫైటర్, రెండు లెవెల్స్ విజార్డ్ అని కలిపారనుకోండి. ఒకే క్లాస్‌లో నాలుగో లెవెల్ చేరితే వచ్చే ఫీట్ (అదనపు నైపుణ్యం) రాలేదు. ఐదో లెవెల్ దగ్గర వచ్చే ఆ గెంతు ఇంకా దూరమైంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి. పరిష్కారం: ఏదో ఒక క్లాస్‌ని ఐదు దాకా తీసుకెళ్లి, అప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి. ఆటలో మొత్తం లెవెల్స్ పన్నెండే కాబట్టి లెక్క ముందే వేసుకోవడం మంచిది.

సమస్య: పాలడిన్ శక్తులు ఉన్నట్టుండి మాయమయ్యాయి

మీరు ఎవరో అమాయకుణ్ని కొట్టి ఉంటారు. బాల్డర్స్ గేట్ 3లో పాలడిన్ ఒక ప్రమాణానికి కట్టుబడి ఉంటాడు, అది తప్పితే శక్తులు పోతాయి. ఆ తర్వాత క్యాంప్‌కి ఓత్‌బ్రేకర్ (ప్రమాణం తప్పినవాడు) నైట్ వస్తాడు. అతని మాట విని ఓత్‌బ్రేకర్‌గా మారి కొత్త శక్తులు తీసుకోవచ్చు, లేదా 1000 గోల్డ్ కట్టి మొదటి ప్రమాణాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నా ఓటు ఓత్‌బ్రేకర్‌కే, కథ రంజుగా ఉంటుంది. కనిపించినవాడినల్లా దోచుకోవాలని ఉంటే మాత్రం మొదటే పాలడిన్ జోలికి పోవద్దు.

సమస్య: నేను లెవెల్ పెరుగుతున్నాను, శత్రువులు ఇంకా బలంగా అవుతున్నారు

2006 నాటి ఆబ్లివియన్ ఆడినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. అందులో మీ క్లాస్ అంటే మీరు ఎంచుకున్న ఏడు ముఖ్యమైన స్కిల్స్. వాటిలో అన్నీ కలిపి పది సార్లు పెరిగితే ఒక లెవెల్, లెవెల్‌తో పాటు ప్రపంచమంతా పెరుగుతుంది. ఆక్రోబాటిక్స్‌ని ఆ ఏడులో పెట్టుకున్నారనుకోండి. ఊళ్లో గెంతుకుంటూ తిరిగినా లెవెల్ పెరుగుతుంది, కత్తి పట్టే చేయి మాత్రం అక్కడే ఉంటుంది. బయటికి వెళితే మీకంటే బాగా సాధన చేసిన శత్రువులు ఎదురవుతారు.

కొత్తగా మొదలుపెడితే ఆ ఏడులో నిజంగా ఫైట్‌లో వాడేవే ఎక్కువగా ఉండేలా చూసుకోండి. ఇప్పటికే ఇరుక్కుపోయి ఉంటే, ఆ ఆటలో నిద్రపోతే తప్ప లెవెల్ ఎక్కదు. కాసేపు మంచం ఎక్కకుండా ఆయుధం స్కిల్ పెంచుకోండి. లేదంటే డిఫికల్టీ కాస్త తగ్గించండి, ఎవరూ చూడరు. స్కైరిమ్‌లో కూడా ఇదే జబ్బు కొంచెం మెత్తగా ఉంది. కమ్మరి పని, బేరాలతోనే లెవెల్స్ ఎక్కి, ఆ బలాన్ని ఆయుధంగా మార్చుకోకుండా డ్రాగన్ ముందుకు వెళితే తెలుస్తుంది.

సమస్య: ఏ క్లాస్ అనుకుని మొదలుపెట్టినా చివరికి చాటుగా బాణాలు వేసేవాడిగానే తేలుతున్నాను

స్కైరిమ్ వాళ్ల పాత జోక్. చాటునుంచి వేసిన బాణానికి మామూలుగానే రెట్టింపు దెబ్బ, ఒక పర్క్ (లెవెల్ పెరిగినప్పుడు తీసుకునే నైపుణ్యం) తీసుకుంటే మూడు రెట్లు. దూరంగా ఉంటాం కాబట్టి దెబ్బ తగలదు, తగలదు కాబట్టి అదే చేస్తాం, చేసేదే పెరుగుతుంది. మానాలంటే విల్లుని ఇంట్లో పెట్టెలో పెట్టి బయటికి రండి. అలా ఆడటమే బాగుందంటారా? మరి సమస్యే లేదు.

సమస్య: స్నేహితులతో ఆడుతుంటే నా క్లాస్ అక్కర్లేనిదిగా ఉంది

నలుగురు కూర్చుని మాట్లాడుకోకుండా ఎంచుకుంటే ముగ్గురు మంత్రగాళ్లు, ఒక విలుకాడు వస్తారు. ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు ఉండడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ డంజియన్‌లో ఐదుగురిలో ఒక ట్యాంక్ (దెబ్బలు కాసేవాడు), ఒక హీలర్ (వైద్యం చేసేవాడు), మిగతా ముగ్గురు కొట్టేవాళ్లు. కొట్టడం అందరికీ ఇష్టం కాబట్టి కొట్టేవాళ్ల వరసలో ఎదురుచూపు ఎక్కువ. పని మార్చుకునే వీలున్న డ్రూయిడ్ లాంటి క్లాస్ తీసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

అన్నిటికంటే చెడ్డది ఆఖర్న వచ్చినవాడి నెత్తిన హీలర్ రుద్దడం. ఇష్టం లేని హీలర్ వారానికే ఆట మానేస్తాడు. బాల్డర్స్ గేట్ 3లో హీలర్ లేకుండానే గడుస్తుంది; మందు సీసాను గుంపు మధ్యకి విసిరితే పక్కపక్కన ఉన్నవాళ్లందరికీ పనిచేస్తుంది. ఆ పని అందరూ పంచుకోవచ్చు.

సమస్య: పైవన్నీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా నచ్చడం లేదు

ఇదీ అసలైన క్లాస్ సమస్య. గుర్తు పట్టడం తేలిక: గెలుస్తూనే ఉంటారు, కానీ మీ వంతు వచ్చినప్పుడు విసుగు, పక్కవాడి వంతు వచ్చినప్పుడు ఆసక్తి. మార్చేయండి, అయితే కథ మొదటికి వెళ్లకుండా.

ఎల్డెన్ రింగ్‌లో రాయా లుకారియా అనే చోట రెన్నాలా అనే బాస్‌ని ఓడించాక, ఒక లార్వల్ టియర్ అనే వస్తువు ఇస్తే పాయింట్లు మళ్లీ వేసుకోనిస్తుంది. మీ మొదటి క్లాస్ స్టాట్స్ కంటే కిందికి మాత్రం తగ్గించలేరు. డయాబ్లో 2లో 2010 నాటి 1.13 ప్యాచ్ (అప్‌డేట్) తర్వాత అకారా అనే పాత్ర స్కిల్ పాయింట్లు తిరిగి ఇస్తుంది. క్లాస్ మారదు కానీ అదే సార్సరెస్ మంచు వదిలి నిప్పు పట్టుకోవచ్చు. స్కైరిమ్‌లో 100కి చేరిన స్కిల్‌ని లెజెండరీ చేస్తే అది 15కి పడిపోయి పర్క్ పాయింట్లు చేతికొస్తాయి.

బాల్డర్స్ గేట్ 3లో మార్చే ముందు కంపానియన్లతో (మన జట్టులో చేరే పాత్రలతో) ఒక పూట ఆడి చూడండి. బార్బేరియన్ ఎలా ఉంటాడో తెలియాలంటే కార్లాక్, వార్‌లాక్ అంటే విల్, క్లెరిక్ అంటే షాడోహార్ట్. నాకు బార్బేరియన్ మొరటు పని అనిపించేది. కార్లాక్ ఒక గాబ్లిన్‌ని ఎత్తి ఇంకో గాబ్లిన్ మీదకి విసిరేదాకా. ఆ రాత్రే విదర్స్ దగ్గరికెళ్లి 100 గోల్డ్ ఇచ్చాను. ఆయన క్యారెక్టర్‌ని మొదటి లెవెల్‌కి దించుతాడు, అక్కడి నుంచి ప్రతి లెవెల్‌నీ మళ్లీ ఎంచుకోవాలి. తొందరలో స్టాట్స్ పేజీ దాటేయకండి, పాత క్లాస్‌కి వేసిన అంకెలు కొత్తదానికి సరిపోవు. పని అయ్యాక కింద బటన్ల వరస సర్దుకుని, ఒంటి మీద ఏ కవచం ఉందో కూడా ఒకసారి చూసుకోండి.