పునాది ముగ్గు పోసే ముందు మూల కొలతలో జాగ్రత్తలు

చాలామంది పునాది ముగ్గును, అంటే పునాది ఎక్కడ తవ్వాలో నేలమీద పొడితో గీసే గీతలను, ముహూర్తం రోజు తెల్లవారుజామున, పురోహితుడు వచ్చేలోపు హడావుడిగా పోయిస్తారు. ఈ పని ముందురోజు సాయంత్రానికే పూర్తికావాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ మూల వంకరపోతే గోడలు, టైల్స్ వరుసలు అన్నీ ఆ వంకరనే మోస్తాయి.

మొదట పరీక్షించవలసింది మూలమట్టాన్నే, అంటే మూల తిన్నగా ఉందో లేదో చూసే, L ఆకారంలో రెండు చేతులున్న పనిముట్టునే. తిన్నని అంచున్న పలకకు దాని ఒక చేతిని ఆనించి, రెండో చేతి వెంట గీత గీసి, తర్వాత దాన్ని బోర్లించి అదే చుక్క నుంచి మళ్లీ గీయాలి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే పనిముట్టు సరైనదే. ఎడం వస్తే అసలు తప్పు ఆ ఎడంలో సగం. 2 అడుగుల చేతిలో ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తేడా కంటికి ఆనదు గాని, 40 అడుగుల గోడ చివర అది రెండున్నర అంగుళాలవుతుంది.

అందుకే పొడవైన గీతలకు మూలమట్టాన్ని నమ్ముకోకుండా, రోడ్డు వైపు హద్దును ఆధారంగా తీసుకుని, మూల నుంచి ఒక దారం మీద 12 అడుగులు, రెండో దారం మీద 16 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య సరిగ్గా 20 అడుగులు వచ్చేలా రెండో దారాన్ని జరపాలి. 3, 4, 5 అడుగులతోనూ లంబం వస్తుంది గాని, చిన్న త్రిభుజంలో చిన్న పొరపాటే పెద్దదవుతుంది. గుడ్డ టేపు సాగుతుంది కాబట్టి స్టీలు టేపే వాడాలి; దాని సున్నా కొక్కెం వెలుపలి అంచున ఉందో, లోపల ఉందో ముందే చూసుకోవాలి. నేల వాలుగా ఉంటే టేపును మట్టంగా పట్టుకుని, తూకం గుండుతో (దారానికి వేలాడే బరువుతో) గుర్తును నేలకు దించాలి.

ఆపై మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా, అంటే కర్ణాలను, కొలవాలి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న ఇంటికి రెండు కర్ణాలూ 50 అడుగులు రావాలి. ఒకటి అంగుళమున్నర పెరిగి, రెండోది అంతే తగ్గితే ముగ్గు పోయకూడదు. ఎదురెదురు భుజాలు కూడా సమానంగా ఉన్నాయో లేదో చూడకుండా కర్ణాలను మాత్రమే నమ్మడం పొరపాటు.

దారాలు కట్టే గుంజలను తవ్వే హద్దుకు 3, 4 అడుగుల అవతలే పాతించండి. తవ్వాక దారం మళ్లీ కట్టి, కాంక్రీటు పోసే ముందు కర్ణాలను ఇంకోసారి కొలిపించండి.