నమ్మకమైన కారు ఎంచుకోవడం – 4వ పాఠం: ‘వారంటీలో ఫ్రీగా మార్చారు’ అనే మాట

గత పాఠం చివర, ఈసారి సర్వీసు బిల్లులు చదవడం నేర్చుకుందామన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. మీరు పంపిన నోట్సు చదివాక, ఓనర్లతో మాట్లాడే పద్ధతినే మరోసారి పట్టుకోవాలనిపించింది. అది రాకపోతే బిల్లులు చేతికొచ్చినా వాటిలో ఏం వెతకాలో తెలియదు.

మూడో పాఠంలో ఇచ్చిన పని గుర్తుంది కదా. మీరు కొనాలనుకుంటున్న మోడల్‌ని చాలాకాలంగా వాడుతున్నవాళ్లతో మాట్లాడి, చెప్పింది చెప్పినట్టు రాసుకోమన్నాను. ఎక్కువమంది నోట్సులో వచ్చినవి ఇవి: ‘సూపర్ బండి, ఏ కంప్లయింటూ లేదు.’ ‘మైలేజీ బాగుంది, ఏసీ అదిరిపోతుంది.’ ‘మా బావ వాడుతున్నాడు, కళ్లు మూసుకుని తీసుకోమన్నాడు.’ ఒకరైతే పన్నెండు మందిని అడిగి, పది మంది బాగుందన్నారు కాబట్టి కొనేస్తున్నానని రాశారు. దయచేసి ఆగండి. ఆ పది మందిలో ఏడుగురు కారు కొని రెండేళ్లు కూడా కాలేదని మీ నోట్సులోనే ఉంది.

‘బండి ఎలా ఉంది?’ అని అడిగితే వచ్చే జవాబు ఇంతే. ఎనిమిది పది లక్షలు పోసి కొన్న మనిషి, ఇంకా ఈఎంఐ కడుతున్న మనిషి, తన ఎంపిక బాగాలేదని మీ ముందు ఎందుకు అంటాడు? విసిగిపోయి అమ్మేసినవాడు దానికి పూర్తి రివర్సులో మాట్లాడతాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఇద్దరి దగ్గరా మీకు అందేది అభిప్రాయమే. మనకు కావలసింది నాలుగు ముక్కలు: ఏ భాగం పాడైంది, ఎన్ని వేల కిలోమీటర్లకి, బండి ఏ సంవత్సరం తయారీ, ఖర్చు ఎవరు భరించారు. ఈ నాలుగూ లేని మాట ఎంత తియ్యగా ఉన్నా నోట్సులో రాయకండి.

నేనైతే మాట టైర్లతో మొదలుపెడతాను. ‘అన్నా, ఇది ఎన్నో సెట్టు టైర్లు?’ అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు. మామూలు వాడకంలో ఒక సెట్టు నలభై, యాభై వేల కిలోమీటర్లు వస్తుంది కాబట్టి మీటర్ మీది అంకెతో అక్కడే పోల్చి చూసుకోవచ్చు. టైర్లు ఎప్పుడు మార్చాడో తడుముకోకుండా చెప్పినవాడికి క్లచ్ ఎప్పుడు మార్చాడో కూడా గుర్తుంటుంది. ‘అవన్నీ మా డ్రైవర్ చూసుకుంటాడండీ’ అన్నారనుకోండి, వెంటనే ఆ డ్రైవర్ నంబరు తీసుకోండి. మీకు కావలసిన మనిషి అతనే.

ఇక అసలు చిక్కు. మీ నోట్సులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను.

ఒక నోట్సులో పైన పెద్ద అక్షరాలతో ‘జీరో ప్రాబ్లమ్స్’ అని ఉంది. కింద చదివితే, స్టీరింగ్ దగ్గర టకటకమని శబ్దం వచ్చిందనీ, కంపెనీవాళ్లు ఫ్రీగా మార్చారనీ, ఏడాదిన్నరకి మళ్లీ వస్తే మళ్లీ ఫ్రీగానే మార్చారనీ ఉంది. ఆ ఓనరు దృష్టిలో ఇది సమస్య కాదు, జేబులోంచి రూపాయి పోలేదు కదా. పైగా షోరూమ్ సర్వీసు బాగుందని మెచ్చుకున్నాడు కూడా. మీరు ఆ బండినే సెకండ్ హ్యాండ్‌లో కొంటే, మూడోసారి శబ్దం వచ్చేనాటికి వారంటీ ఉండదు. ఆ బిల్లు మీది. అంటే ‘జీరో’ అన్న ఆ నోట్సులో ఒకే భాగం రెండుసార్లు పాడైన రికార్డు ఉంది.

కాబట్టి ‘ఖర్చు ఎంతయింది?’ అని అడగొద్దు, ‘ఏమేం మార్చారు?’ అని అడగండి. ఫ్రీగా మార్చారా, డబ్బులు తీసుకున్నారా అన్నది ఆ తర్వాత. ఫ్రీగా మార్చిన ప్రతి భాగం గురించీ మూడు సంగతులు తెలుసుకోవాలి.

ఒకటి, ఎన్ని కిలోమీటర్లకి పోయింది. రెండు, దాని స్థానంలో వేసింది అదే పాత డిజైన్ భాగమా, కంపెనీ మార్చి పంపిన కొత్త రకమా. పాతదే వేస్తే దాదాపు అన్ని కిలోమీటర్లకే మళ్లీ పోవచ్చని లెక్క వేసుకోండి. ఓనరుకి ఇది తెలియదు. సర్వీసు సెంటర్లో పార్ట్ నంబర్ మారిందా అని అడిగితే చెబుతారు. మూడు, వారంటీ అప్పటికి ఇంకా నడుస్తోందా, లేక గడువు దాటినా కంపెనీ సగం ఖర్చు పెట్టుకుందా. గడువు దాటాక కూడా కంపెనీ చెయ్యి వేసిందంటే, ఆ భాగం సంగతి వాళ్లకి ముందే తెలిసి ఉండే అవకాశం ఎక్కువ.

వారంటీ గడువులు కూడా మారుతుంటాయి. మారుతి బండ్లకి 2024 జులై ముందు వరకు మామూలు వారంటీ రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లు. ఆ తర్వాత మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేశారు. ఒకే భాగం మూడేళ్లలోపే 55 వేల కిలోమీటర్ల దగ్గర పోయిందనుకోండి. పాత బండి ఓనరు జేబులోంచి కట్టాడు కాబట్టి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని చెబుతాడు. కొత్త బండి ఓనరుకి ఫ్రీగా అయిపోయింది, మర్చిపోతాడు. ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి ‘కొత్తవి చాలా మెరుగయ్యాయి’ అని తేల్చేస్తే తప్పు నిర్ణయం తీసుకున్నట్టే.

అమెరికాలో ఉన్న పాఠకులకి ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ నిస్సాన్ 2003–2010 మోడళ్ల సీవీటీ గేర్‌బాక్స్‌కి (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ రకం) వారంటీని పదేళ్లు లేదా లక్షా ఇరవై వేల మైళ్లకి పొడిగించింది. టయోటా 2007–2009 క్యామ్రీల్లోని 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్న ఫిర్యాదులకి ప్రత్యేకంగా వారంటీ పెంచింది. ఒక కంపెనీ ఒక్క భాగానికే వారంటీ పెంచిందంటే, వేలమంది ఓనర్ల అనుభవాన్ని కంపెనీయే కాగితం మీద ఒప్పుకున్నట్టు. కారు వెతికేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. క్యామ్రీ అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు కళ్లకద్దుకునే పేరు. ఆ పేరున్న బండిలోనే ఒక మూడేళ్ల తయారీలో ఈ సంగతి ఉంది.

రీకాల్‌ని, అంటే లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడాన్ని మాత్రం దీనితో కలపకండి. తకాటా అనే కంపెనీ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల కోసం హోండా మన దేశంలో కూడా లక్షల బండ్లను వెనక్కి పిలిచి మార్చింది. అది తెలిసిన లోపం, సరిచేసే పద్ధతి కూడా తెలిసిన లోపం. మీరు చూడాల్సింది మీ బండికి ఆ పని జరిగిందా లేదా అన్నదే. ఛాసిస్ నంబర్ ఇస్తే కంపెనీవాళ్లు చెబుతారు. జరగకపోతే జరిగే వరకు ఆ కారు నడపొద్దు.

దీనికి ఎదురు తప్పు కూడా కొందరు చేశారు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, నాలుగేళ్లకి బ్యాటరీ, తొంభై వేలకి క్లచ్ ప్లేటు... ఇవన్నీ ‘లోపాలు’ అని రాశారు. ఇవి అరిగేవే. కొట్టేయండి.

పేరు విషయానికొద్దాం. ‘ఇన్నోవాకి తిరుగులేదు’ అని పదిహేనేళ్లుగా ట్రావెల్స్ నడుపుతున్నవాళ్లు చెబితే అది నూటికి నూరుపాళ్లు నిజం. ఏ ఇన్నోవా? 2005లో వచ్చిన పాతదానిలో 2.5 లీటర్ల డీజిల్, దానికి టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ) ఉంటుంది. 2016లో వచ్చిన క్రిస్టాలో 2.4 లీటర్ల వేరే డీజిల్, దానికి చైను. 2022 చివర్లో వచ్చిన హైక్రాస్ పెట్రోల్, హైబ్రిడ్ బండి. ముందు చక్రాలకే పవర్ వెళ్తుంది, కింద నిచ్చెన లాంటి ఛాసిస్ కూడా లేదు. మూడూ మూడు వేర్వేరు యంత్రాలు. పాత ఇన్నోవా మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిందన్న అనుభవం హైక్రాస్ గురించి ఏమీ చెప్పదు. అది మంచిది కావచ్చు, ఆ సంగతి హైక్రాస్ ఓనర్లే చెప్పాలి, అదీ ఇంకొన్నేళ్లు గడిచాక. స్విఫ్ట్ కూడా అంతే. 2024లో వచ్చినదానిలో ఇంజిన్ మూడు సిలిండర్లది, అంతకుముందు నాలుగు. అందుకే నోట్సు పైన మోడల్ పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఇంజిన్, గేర్‌బాక్స్, తయారీ సంవత్సరం మూడూ రాయండి.

దీన్నే తిప్పి చూస్తే మీకు లాభం. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఒకప్పుడు స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలోనే కాదు, ఇండికా విస్టా, మాంజా, పుంటో, లీనియాల్లోనూ ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన కఠినమైన ప్రమాణాలు) రావడంతో మారుతి దాన్ని వదిలేసింది. పాత స్విఫ్ట్ డీజిల్ కొనేవాళ్లు విస్టా ఓనరుతో మాట్లాడినా ఇంజిన్ గురించి పనికొచ్చే సమాచారమే దొరుకుతుంది. స్టీరింగ్, సస్పెన్షన్, విడిభాగాల దొరుకుబడి మాత్రం వేరే లెక్క.

వాడకం కూడా అడగాలి. బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు, అంటే దాదాపు 600 డిగ్రీల దగ్గర, తనలోనే కాల్చేస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి వారం వారం వెళ్లి వచ్చే ఆయన బండిలో ఆ మసి ఎప్పటికప్పుడు కాలిపోతుంది, ఆయనకి ఆ ఫిల్టరు ఉందనే తెలియదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిప్పే ఆయన బండి వేడెక్కేలోపు ఇల్లు వస్తుంది. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఆ మసిని కాల్చడానికి ఇంజిన్ తనంతట తానే చల్లిన అదనపు డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఒకే కారు, ఒకే సంవత్సరం. ఒకరు ‘బంగారం’ అంటారు, ఇంకొకరు ‘తలనొప్పి’ అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీ రోజువారీ తిరుగుడు ఎవరిదానికి దగ్గరగా ఉందో ఆ మాటకే విలువివ్వండి. క్యాబ్ డ్రైవర్ల అనుభవాన్ని నేను చాలా గౌరవిస్తాను, కానీ వాళ్ల ఇంజిన్ రోజంతా వేడిగానే ఉంటుంది. చల్లటి ఇంజిన్‌తో రోజుకి రెండు చిన్న ట్రిప్పులు వేసే ఇంటి కారుకి వచ్చే ఇబ్బంది వాళ్లకి తెలిసే అవకాశం తక్కువ. అలాగే విశాఖ, కాకినాడల్లో కొనేవాళ్లు హైదరాబాద్ ఓనర్ల దగ్గర తుప్పు సంగతి అడిగి లాభం లేదు. ఉప్పుగాలి తగిలే ఊరివాళ్లనే వెతికి, సైలెన్సర్, బండి అడుగుభాగం, ఏసీ కండెన్సర్ గురించి అడగండి.

ఏ కారు కొనాలో నన్నే చెప్పమని చాలామంది రాశారు. నెలకి వెయ్యి కిలోమీటర్ల లోపు, ఊళ్లోనే తిరిగే ఇంటికైతే నా ఓటు టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేరు, మార్కెట్లోకి వచ్చి రెండేళ్లు దాటిన మోడల్. మొదటి ఏడాది తయారీ బండిని నేను ఎవరికీ సిఫారసు చెయ్యను, అది ఎంత పేరున్న కంపెనీదైనా సరే. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ క్లియరెన్స్ గురించి ఇక్కడ రాయడం లేదు, అవి మీకు తెలిసినవే.

ఇంకొక్క మాట, అమ్మేసినవాళ్ల గురించి. మీ నోట్సులో వాళ్లు దాదాపు లేరు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఇంట్లోవాళ్లని మాత్రమే అడిగి ఊరుకోం, ఆ ఇంట్లో అద్దెకి ఉండి ఖాళీ చేసి వెళ్లినవాళ్లని కూడా వాకబు చేస్తాం. కారు అమ్మేసిన మనిషికి దాచుకోవలసింది ఏమీ లేదు. ‘ఏ ఖర్చు వస్తుందని భయపడి అమ్మారు?’ అని నేరుగా అడగండి. చాలామంది ఒక్క భాగం పేరు చెబుతారు. ఇద్దరు ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్లు అదే భాగం పేరు, దగ్గరదగ్గర అన్ని కిలోమీటర్లకే చెప్పారంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

ఈ వారం పని కాస్త బరువైనదే, తప్పించుకోకండి. మీరు ఎంచుకున్న ఇంజిన్, గేర్‌బాక్స్, సంవత్సరానికి ఆరుగురిని పట్టుకోండి. నలుగురు 60 వేలు దాటిన ఓనర్లు, ఒకరు ఆ కారు అమ్మేసినవారు, ఒకరు షోరూమ్‌తో సంబంధం లేని సొంత షెడ్డు మెకానిక్. మెకానిక్‌ని మధ్యాహ్నం భోజనాల వేళ కలిస్తే తీరిగ్గా మాట్లాడతాడు. ‘ఈ బండి మీ దగ్గరికి ఎక్కువగా దేనికొస్తుంది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఒక కాగితం మీద నిలువుగా ఐదు గడులు గీయండి: భాగం, కిలోమీటర్లు, తయారీ సంవత్సరం, ఖర్చు ఎవరిది, బండి ఎక్కడ ఎలా తిరుగుతుంది. ఫ్రీగా మార్చినవి ఎర్ర ఇంకుతో రాయండి. ‘బాగుంది’, ‘బాలేదు’ అన్న మాటలు ఆ కాగితం మీద ఎక్కడా కనిపించకూడదు.

ఆరుగురూ దొరక్కపోతే నలుగురితోనైనా పంపండి, కానీ అమ్మేసిన మనిషి మాత్రం తప్పకుండా ఉండాలి. వచ్చే పాఠంలో ఆ కాగితాన్ని పక్కన పెట్టుకునే సర్వీసు బిల్లులు తెరుస్తాం.