ఇంటికి వైఫై రౌటర్ ఎలా ఎంచుకోవాలి? కొనేముందు చూసుకోవాల్సినవి, తెచ్చాక బిగించే పద్ధతి

నెట్ నెమ్మదిగా ఉందనగానే కొత్త రౌటర్ కోసం వెతకడం మొదలుపెడతాం. కానీ ఎక్కడ నెమ్మదిస్తోందో తెలియకుండా మూడు వేలు పోసి ఆరు యాంటెన్నాల పెట్టె తెచ్చుకున్నా, యూట్యూబ్‌లో ఆ చక్రం అలాగే తిరుగుతుంటుంది. స్పీడు పడిపోయే చోట్లు నాలుగు: ఆపరేటర్ లైను, ఇంట్లో పెట్టిన ఫైబర్ పెట్టె (దీన్నే ఓఎన్‌టీ అంటారు), అందులోంచి రౌటర్‌కి వచ్చే కేబుల్, ఆఖరున వైఫై. రౌటర్ మారిస్తే మొదటి మూడూ బాగుపడవు.

ముందు కేబుల్‌తో కొలవండి

ఓఎన్‌టీకి ల్యాప్‌టాప్‌ను నేరుగా ల్యాన్ కేబుల్‌తో కలపండి. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీల వైఫై ఆపేసి స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. 100 ఎంబీపీఎస్ ప్లానుకు 90 దాటి వస్తే లైను బాగున్నట్టే. పొద్దున 95 వచ్చి రాత్రి 20కి పడిపోతే అది ఆపరేటర్ వైపు రద్దీ, అడగాల్సింది ఆయన్నే. ఓఎన్‌టీ మీద లాస్ (LOS) అని రాసి ఉన్న ఎర్ర లైటు మెరుస్తుంటే ఫైబర్‌లో సిగ్నలే రావడం లేదు. ఎక్కడో మలుపులో తీగ విరిగి ఉంటుంది, లేదా కోతులు లాగి ఉంటాయి. తిరుపతి వాళ్లకు కోతుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక్క లెక్క గుర్తుంచుకోండి. ప్లానులో చెప్పే ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీల ఫైలు దిగుతుందో తెలుస్తుంది. 100 ఎంబీపీఎస్‌లో సెకనుకు 12 ఎంబీ దిగుతుంటే అంతా సరిగ్గానే ఉంది.

అలాగే, టీటీడీ టికెట్ల కోటా విడుదలయ్యే ఉదయం వెబ్‌సైటులో వేచి ఉండమనే వరుస ఏ రౌటర్‌తోనూ ముందుకు జరగదు. ఆ రద్దీ అవతలి సర్వర్ దగ్గర ఉంటుంది. దానికోసం డబ్బు ఖర్చు పెట్టకండి.

ఉన్న పెట్టెను ఒకసారి చూడండి

ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీలోనే చాలావరకు వైఫై ఉంటుంది. ఫోన్‌లో నెట్‌వర్క్ పేర్లు చూస్తే, చివర 5జీ అని ఉన్న రెండో పేరు కనిపించిందా? అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే వైఫై సిగ్నల్ నడిచే రెండు రేడియో దారుల్లో ఒకటి; రెండోది 2.4 గిగాహెర్ట్జ్. ఓఎన్‌టీకి ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి ఆ పేరుకు కలిపి టెస్ట్ చేయండి. ప్లాను స్పీడు వచ్చేస్తే మీకు కొత్త రౌటర్ అక్కర్లేదు, పెట్టెను జరపడమో, దూరపు గదికి ఇంకో పాయింట్ పెట్టడమో చాలు. ఒక్క 2.4 గిగాహెర్ట్జ్ పేరు మాత్రమే ఉంటే మార్చాల్సిందే. అపార్ట్‌మెంట్లలో పక్కింటివి, పైవాళ్లవి పది పదిహేను వైఫైలు అదే బ్యాండ్‌లో కొట్టుకుంటుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా అక్కడే. ప్లాను 200 అయినా చేతికి 30, 40 రావడం మామూలు.

డబ్బా మీద అంకెలు చదవడం

ఏసీ1200 అని ఉంటే 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. అది 2.4లో 300, 5లో 867 కూడి పైకి సవరించిన అంకె. ఒక ఫోన్ మామూలుగా ఒకసారికి ఒక్క బ్యాండ్‌నే వాడుతుంది. ఒకే యాంటెన్నా ఉన్న ఫోన్ వైఫై 5లో (డబ్బా మీద ఏసీ అని ఉండే తరం) 433 దగ్గర కలుస్తుంది, అందులో వాడకానికి వచ్చేది సగానికి కాస్త పైన. అలాగే దాని తర్వాతి తరం వైఫై 6కి డబ్బా మీద ఏఎక్స్ అని ఉంటుంది: ఏఎక్స్1500 అంటే 300, 1201. ఏఎక్స్3000 అంటే 574, 2402.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది వెనకవైపు పోర్టు. ఏసీ750, ఏసీ1200 అని అమ్మే వాటిలో కొన్నింటికి వ్యాన్ పోర్టు (బయటి నుంచి నెట్ కేబుల్ వచ్చి దూరే సాకెట్) 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా అలిపిరి తనిఖీ దగ్గర ఒక్క వరుసే తెరిస్తే బండ్లన్నీ అక్కడే ఆగుతాయి, ఇదీ అంతే. 200 ప్లాను తీసుకున్నా 95 దాటదు. ఉదాహరణకు టీపీ-లింక్‌లోనే ఆర్చర్ సీ20కి 100 పోర్టులు, ఆర్చర్ సీ6కి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు. కాబట్టి వివరాల్లో 10/100 అని ఆగిపోయిందా, 10/100/1000 అని ఉందా చూడండి. ఇవాళ ప్లాను 50 అయినా సరే, గిగాబిట్ లేనిది కొనవద్దు.

వైఫై 5 సరిపోతుందా, 6 కావాలా? ఇంట్లో ఫోన్లు రెండు మూడేళ్లలో కొన్నవై, ఒకేసారి పదికి మించి పరికరాలు కలిసి ఉంటే 6 తీసుకోండి, ఒకేసారి చాలామందికి పంచడంలో దానిదే పైచేయి. అవసరాన్ని మాత్రం పెంచుకోకండి. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. 40 ప్లాను ఉన్న నలుగురి ఇంటికి ఏఎక్స్3000 దండగ. ఇక యాంటెన్నాల సంఖ్య చూసి ఎంచుకోవడం మానేయండి.

కొనకూడనివి రెండు. టెలిఫోన్ తీగ దూర్చే చిన్న సాకెట్ మాత్రమే ఉన్న పాత ఏడీఎస్ఎల్ మోడెం రౌటర్లు ఫైబర్‌కి పనికిరావు. అమెరికా నుంచి మనవాళ్లు తెచ్చేవాటిలో మరతో బిగించే టీవీ కేబుల్ సాకెట్ ఉన్నవి కూడా అంతే. మామూలు వ్యాన్ పోర్టు ఉంటే వాడొచ్చు గానీ, అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉందో లేదో చూశాకే ప్లగ్గులో పెట్టండి. 120 అని మాత్రమే ఉంటే మన కరెంటుకు కాలిపోతుంది.

ఇల్లు ఎలాంటిదో దాన్నిబట్టి

డబుల్ బెడ్‌రూం ఫ్లాటుకు మధ్యలో పెట్టిన ఒక్క మంచి రౌటర్ చాలు. మిద్దె మీద మిద్దె వేసిన ఇళ్లకు, చిత్తూరు చుట్టుపక్కల పాత మందపాటి రాతి గోడల ఇళ్లకు అది కుదరదు. స్లాబులో ఇనుప కడ్డీల వల్ల 5 గిగాహెర్ట్జ్ పై అంతస్తుకు చేరేసరికి బాగా పలచబడుతుంది. ఎంత ఖరీదైన రౌటరైనా ఇంతే.

చాలామంది ఇక్కడ వైఫై ఎక్స్‌టెండర్ కొంటారు. అది వచ్చిన సిగ్నల్‌నే మళ్లీ గాలిలోకి పంపుతుంది, ఒకే బ్యాండ్ మీద రెండు పనులు చేయాలి కాబట్టి స్పీడు సుమారు సగమవుతుంది. దానికంటే పైకి ఒక ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే మోడ్) పెట్టడం చవకా, గట్టీ. క్యాట్ 6 కేబుల్, పూర్తి రాగిది అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకగా వస్తుంది గానీ త్వరగా విరుగుతుంది. కరెంటు తీగలున్న పైపులో దీన్ని దూర్చవద్దు. కేబుల్ లాగే వీలే లేకపోతే అప్పుడు మెష్ సెట్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు డబ్బాలు) చూడండి. రెండో డబ్బాను సిగ్నల్ లేని గదిలో కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న సగం దూరంలో పెట్టాలి.

బిగించడం

1. పాత పెట్టె సెట్టింగులు ముందు ఫోటో తీసుకోండి. దాన్ని రీసెట్ మాత్రం చేయకండి, అందులోని పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆపరేటర్ ఇచ్చిన వీల్యాన్ నంబరు చెరిగిపోతే నెట్టే ఆగిపోతుంది.

2. ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి కొత్త రౌటర్ వ్యాన్ పోర్టుకు కేబుల్ కలపండి. ఓఎన్‌టీయే లాగిన్ అవుతుంటే కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం తేలిక. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌కు (తాను లాగిన్ అవకుండా నెట్‌ను అలాగే దాటించే మోడ్) మార్పించుకుంటే పీపీపీఓఈ వివరాలు కొత్త రౌటర్‌లో ఇవ్వాలి. అన్నీ సరిగ్గా ఇచ్చినా కలవకపోతే పాత పెట్టె మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) ఆపరేటర్ దగ్గర నమోదై ఉండొచ్చు. ఫోన్ చేసి కొత్తది చెప్పండి, లేదా పాత నంబరునే కొత్తదానికి పెట్టే మ్యాక్ క్లోన్‌ను సెట్టింగుల్లో వాడండి.

3. ఓఎన్‌టీలో వైఫై ఆపేయండి. లేకపోతే ఫోన్లు తెలిసిన పాత పేరునే పట్టుకుని వేలాడతాయి.

4. 2.4 గిగాహెర్ట్జ్‌కు చానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌కు వెడల్పు 80, చానెల్ 36 లేదా 149. భద్రత డబ్ల్యూపీఏ2, లేదా 2, 3 కలిసిన మోడ్. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.

5. ఐదారు అడుగుల ఎత్తులో, బయటికి కనిపించేలా పెట్టండి. ఇనుప బీరువా వెనక, టీవీ వెనక, ఫ్రిజ్ మీద వద్దు. యాంటెన్నా నిలువుగా ఉంటే సిగ్నల్ పక్కలకు పరుచుకుంటుంది. పై గదికీ అందాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడండి.

అయినా స్పీడు రాకపోతే

విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి. 1000 రావాల్సిన చోట 100 ఉంటే నూటికి తొంభైపాళ్లు కేబులే. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగినా నెట్ ఆగదు, 95 దగ్గర నిలిచిపోతుంది. డబ్బాతో వచ్చిన కేబుల్ వేసి చూడండి, లేదా ప్లగ్గు కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించండి. లింక్ 1000 ఉండి ఫోన్‌లో మాత్రం తక్కువైతే, ఫోన్ 2.4కి జారిపోయిందేమో వైఫై వివరాల్లో చూడండి. రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెడితే ఈ తికమక ఉండదు.

కరెంటు పోయినప్పుడు నడవాలంటే మినీ యూపీఎస్ రౌటర్‌కీ, ఓఎన్‌టీకీ రెండింటికీ ఉండాలి. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టులు చూసుకోండి. ఒకటి 12, ఇంకోటి 9 కావొచ్చు. 9 వోల్టుల పెట్టెకు 12 గుచ్చితే లోపలి బోర్డు పోవచ్చు, అలా పోయినదానికి వారంటీ ఇవ్వరు.